చిలకల బొంతలో పాత చీర

కత్తెర పట్టడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే ముందుగా ఒక మాట. నేను చెప్పేవాటిలో సగం నమ్మితే చాలు. ఏ సగమో మాత్రం నన్ను అడగొద్దు. మా ఇంటామె పెళ్ళయిన నాటి నుంచి అడుగుతూనే ఉంది, ఇప్పటికీ తేలలేదు. ఈ ఒక్క సంగతి మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. నేను అంత మంచివాణ్ణయిపోయానని కాదు. ఇందులో అబద్ధమేదో నిజమేదో నాకే అంతు పట్టలేదు, ఇక దానికి నేనేం కలపగలను?

హిందూపురంలో రైలు కట్టకు అవతల ఒక రేకుల షెడ్డు. పద్నాలుగు మెషిన్లు, పదహారు మంది ఆడవాళ్ళు, ఒక కటింగ్ మాస్టరు. ఆ మాస్టరు నేనే. పొద్దున్నే పెనుకొండలో బస్సెక్కి వచ్చేవాణ్ణి. నేను కత్తెర ఆడిస్తుంటే ఆ చప్పుడికి పెనుకొండ కొండ మీది కోతులు దిగి వచ్చి వరసలో కూర్చునేవి. సరే, ఇది మీరు నమ్మక్కరలేని సగంలో వేసుకోండి.

మా పని రెండు రకాలు. పసిబిడ్డలకు చిన్న బొంతలు, పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ వచ్చినవాళ్ళ చేతికిచ్చే తాంబూలం సంచులు. రెండు మూడు నెలలకోసారి మిల్లు ఏజెంటు కొత్త కలెక్షన్ తెచ్చేవాడు. కలెక్షన్ అంటే ఒక ఇంటి మనుషుల్లాంటి గుడ్డలు. పెద్ద పువ్వుది ఒకటి, చిన్న పువ్వుది ఒకటి, గీతలది, చుక్కలది. ముఖాలు వేరైనా పోలిక ఒకటే. ఏది దేని పక్కన పెట్టినా తగాదా పడవు. అందులోంచి నేను కత్తిరిస్తే ఆడవాళ్ళు కుట్టేవాళ్ళు.

మా యజమానురాలు బజారులో బట్టల కొట్టు ఉన్న వ్యాపారస్తుల ఇంటి కోడలు. నాకంటే పదేళ్ళు చిన్నదే అయినా అందరూ అమ్మా అని పిలిచేవాళ్ళం. ఆవిడ నన్ను మాస్టరన్నా అనేది. నా నోటికి ఆవిడ దగ్గర విలువ వచ్చింది ఏనుగుల కలెక్షన్ నుంచి.

అదెట్లాగంటే, సంచిని రెండు ముక్కలుగా కత్తిరించి అడుగున కుట్టు వేయాలి. గుడ్డా దారమూ మిగులుతాయని నేను ఒకే పొడుగు ముక్క కత్తిరించి నడిమికి మడిచేశాను. రెండు వందల సంచులు అయ్యాక చూస్తే ఒక పక్క ఏనుగులు నడుస్తున్నాయి, తిప్పితే అదే ఏనుగులు కాళ్ళు పైకెత్తుకుని ఉన్నాయి. మడకశిర నుంచి పెళ్ళివారు వచ్చి సంచిని అటూ ఇటూ తిప్పి, "ఇదేందప్పా, ఈ పక్క ఏనుగులకు ఏమొచ్చె?" అన్నారు.

"ఇచ్చేటప్పుడు ఏనుగు నిలబడి ఉండల్ల. తీసుకున్నోళ్ళు ఇంటికి పోయి తిప్పి పెడితే పండుకుంటాది. లక్ష్మి ఆ ఇంట్లోనే ఉండిపోయినట్ల. మైసూరు దిక్కు రాజుల నాటి నుంచీ ఇదే పద్ధతి గదా, మీకు తెల్దా?" అన్నాను.

వాళ్ళు సిగ్గుపడి, తెలుసునన్నారు. ఆ తర్వాత మూడు పెళ్ళిళ్ళవాళ్ళు పడుకున్న ఏనుగుల సంచులే కావాలని వచ్చారు.

బొంతలు కుట్టేది మాత్రం ఒక్కామె. బొంతల అక్క అనేవాళ్ళం. రొళ్ల పక్క పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. మాట సగం తెలుగు, సగం కన్నడం. కొత్త గుడ్డ ముక్కలు అతికిన పై పొర, నడుమ దూది పొర, కింద సాదా గుడ్డ, మూడూ కలిపి చేతి కుట్టు వేసేది. బెంగుళూరు అంగళ్ళవాళ్ళు కూడా మా బొంత పట్టుకుని ఎంత మెత్తగా ఉందో అనేవాళ్ళు. అది నా కత్తిరింపు గొప్పతనమని నేను చెప్పుకునేవాణ్ణి. ప్రతి బొంతకూ అమ్మ ఒక చిన్న అట్ట కట్టించేది: అంతా కొత్త గుడ్డ. పాత గుడ్డ పోగు కూడా లోపలికి పోకూడదని ఆవిడ పట్టుదల. పాతవి ఏరి కుట్టి కొత్తవని అమ్మేవాళ్ళతో మమ్మల్ని ఎవరూ కలపకూడదని.

ఇంతలో అమ్మ మరిదికి మా షెడ్డు మీద కన్ను పడింది. చింతపండు నిల్వకు గోదాము కావాలట. "సంచులు కుట్టి ఏం కూడబెడ్తివి వదినా? ఉగాది దాకా చూస్తా, ఆపైన తాళం ఇయ్యి" అన్నాడు. ఇంట్లో మగవాళ్ళందరూ అతని వైపే.

అప్పుడు ధర్మవరం నుంచి కబురు వచ్చింది. అక్కడొక పెద్ద పట్టుచీరల అంగడి. షావుకారు ఇంట్లో మనవరాలు పుట్టింది. ఇరవై ఒకటో దినం తొట్లో వేస్తారు. తొట్టికి ఒక బొంత, వచ్చినవాళ్ళకు రెండు వందల సంచులు, అన్నీ ఒకే కలెక్షన్‌లో కావాలి. అవి నచ్చితే అంగడిలో అమ్మే ప్రతి పట్టుచీరకూ మా సంచే. ఏడాది పొడుగునా పని. ఆ పని దొరికితే షెడ్డు నిలబడుతుంది, లేకుంటే పదహారు మంది చోట చింతపండు కూర్చుంటుంది. అందరికీ ఈ లెక్క తెలుసు.

చిలకల కలెక్షన్ ఎంచాం. లేత పసుపు మీద చిన్న చిన్న పచ్చ చిలకలు. ఈసారి ఏ చిలకా తలకిందులు కాకుండా కత్తిరించాను. తొట్టి వేడుకకు వారం ముందు బొంతా, రెండు సంచులూ చూపించడానికి అమ్మా నేనూ ధర్మవరం వెళ్ళాం. కారు అమ్మే నడిపింది.

షావుకారు సంచులు చూసి బాగున్నాయన్నాడు. కోడళ్ళు బొంత చూసి ముచ్చటపడ్డారు. అమ్మ ముఖంలోకి నెత్తురు వచ్చింది. అప్పుడు లోపలి గదిలోంచి షావుకారు తల్లి వచ్చింది. తొంభై దగ్గర వయసు. ఆ ఇంట్లో కుక్క కూడా ఆవిడ్ని అడిగే మొరుగుతుందనిపించింది. బొంతను వేళ్ళతో నలిపి, అట్ట మీద రాసింది ఒక కోడలిచేత చదివించుకుంది.

"అంతా కొత్త గుడ్డా? పురిటి బిడ్డను కొత్త గుడ్డ మీద పండేస్తారా ఎవరన్నా? మీరు యాడోళ్ళమ్మా?" అంది.

అమ్మకూ తెలుసు. నాకూ తెలుసు. మా ఇళ్ళలో బిడ్డ పుడితే మొదట చుట్టేది ఇంట్లో పెద్దామె పాత చీరే. ఇద్దరం ఎన్ని బారసాలలు చూసి ఉంటాం! అయినా ఏళ్ళ తరబడి కొత్త గుడ్డతో బొంతలు కుట్టి అమ్ముతున్న మాకు ఆ ముక్క ఎట్లా గుర్తు రాలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు. వ్యాపారమంటే తలలో వేరే గదేమో.

షావుకారు సంచులు పక్కన పెట్టేశాడు. "అవ్వ కాదంటే కాదే తల్లీ" అన్నాడు. షెడ్డు తాళం చెవి నా కళ్ళ ముందు ఊగింది. నా నోరు నన్నడక్కుండా కదిలింది.

"పైకి కొత్తది అవ్వా. లోపల పాత చీర ఉండాది. మా అవ్వది. నూటమూడేండ్లు. ఇంకా సూదిలో దారం తానే ఎక్కిస్తాది."

మా అవ్వ నేను ఏడో తరగతిలో ఉండగానే పోయింది. అమ్మ నా వైపు చూసిన చూపుకు గుడ్డ కాలాలి.

"అట్లనా? విప్పి చూపించు" అంది ముసలావిడ.

చొక్కా జేబులో దారాలు తెంపే చిన్న కత్తెర ఎప్పుడూ ఉంటుంది. తీశాను. ఒక్కో కుట్టూ తెంపుతూ, ఏం చెప్పి బయటపడాలా అని వెతుకుతున్నాను. ఎలుకలు తినేశాయందామా? పొరపాటున వేరే బొంత తెచ్చామందామా? జానెడు విప్పి, దూది పొర పక్కకు తీశాను.

లోపల పాత చీర ఉంది.

వెలిసిపోయిన వంగపండు రంగు, సన్నని గళ్ళు. ఉతికి ఉతికి సాలెగూడులా అయిన నూలు. నేను ఆ ముక్కను వేళ్ళతో పట్టుకుని అట్లాగే ఉండిపోయాను. అబద్ధం చెప్పి దొరికిపోవడం నాకు అలవాటే. చెప్పిన అబద్ధం లోపలి నుంచి బయటికి వచ్చి కూర్చోవడం అదే మొదటిసారి.

అవ్వ ఆ ముక్కను చెంపకు రాసుకుంది. "ఇట్లుండల్ల. ఆ నూటమూడేండ్లామెను తొట్లో వేసే దినం పిల్చుకోని రాండి. బిడ్డను ఆమె చేత్తోనే వేయిస్తాం." షావుకారు సంచులు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "అంగడి మాట ఆ దినమే మాట్లాడుకుందాం" అన్నాడు.

తిరుగు దారిలో పెనుకొండ కనపడ్డాక అమ్మ కారు పక్కకు ఆపింది.

"లోపల పాత గుడ్డ ఉండాదని నీకు ముందే తెల్సా?"

"తెల్దమ్మా."

"మరి ఎట్ల చెప్తివి?"

"అబద్ధం చెప్తిని."

"అబద్ధమైతే గుడ్డ ఎట్ల వచ్చె?"

"అదే నాకూ తెల్దు."

"మాస్టరన్నా, నువ్వు నిజం చెప్పేటప్పుడు ముఖం ఎట్లుంటాదో నేను ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఎట్ల గుర్తుపట్టేది?" అంది. నిజంగానే అడిగింది. దిగి ఇంటికి నడిచాను. ఆ రాత్రి అన్నంలో ఉప్పుందో లేదో కూడా తెలియలేదు.

మర్నాడు షెడ్డులో బొంతను బల్ల మీద పెట్టాం. ఎవర్నీ అడగక్కరలేకపోయింది. బొంతల అక్క వచ్చి విప్పిన కుట్టు చూసి, వేలి తొడుగు తీసి పక్కన పెట్టింది.

"నేనేనమ్మా పెట్టింది" అంది.

"ఎందుకు పెడ్తివి? చెప్పింటి గదా, పాతది పోగు గూడా వద్దని!"

"బిడ్డలు పండుకునేదమ్మా. వట్టి కొత్తది కుట్టి ఇయ్యాలంటే నాకు చెయ్యి రాలేదు. ఉడకబెట్టి, ఎండబెట్టి, శుభ్రంగా చేసి పెట్టినా."

"ఎన్ని బొంతల్లో?"

"అన్నింట్లోనూ. ఒక ముక్కే. అరచెయ్యంత, జానెడంత."

నాకు బెంగుళూరు అంగళ్ళు గుర్తుకొచ్చాయి. మెత్తదనం నాది అనుకున్నాను ఇన్నాళ్ళూ! అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో బాధో నేను పోల్చలేకపోయాను.

"అంతా కొత్తదని వెయ్యిమందికి రాసిస్తిని కదే! నన్ను అబద్ధాలకోరును చేస్తివి. ఆ పనికి ఈయప్ప ఒక్కడు చాలడా షెడ్డుకు?" అంది నన్ను చూపించి. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు ఇంక రావద్దక్కా" అంది.

అక్క కూర్చుని, బొంతకు విప్పిన కుట్టు మళ్ళీ వేసి, టిఫిను డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. ఆ కుట్టు వేస్తున్నంతసేపూ షెడ్డులో ఒక్క మెషిను తిరగలేదు.

తప్పు ఎవరిది? అక్క అబద్ధం చెప్పలేదు, అడగనిది చెప్పలేదంతే. అమ్మ నిజమనుకుని అబద్ధం రాసింది. నేను అబద్ధమనుకుని నిజం చెప్పాను. అందరిలో ఉద్యోగం పోవలసింది ఎవరికో మీరే తేల్చండి. పోయింది మాత్రం అక్కకు. నా వైపు ఎవరూ వేలు చూపించలేదు. అదే నన్ను ఎక్కువ గుచ్చింది.

అమ్మకు ఇంకో దిగులు. నూటమూడేండ్ల అవ్వ యాడ? "నీ నోటితో పుట్టించినావు, నువ్వే తెచ్చి నిలబెట్టు" అంది నాతో. నల్లచెరువు దగ్గర ఒక పండు ముసలావిడ ఉందని మా బంధువు చెబితే వెళ్ళాను. "అవ్వా, నీకెన్నేండ్లు?" అంటే, "నీకెన్ని కావల్లనో అన్ని రాసుకోప్పా, నాకేం పోయె" అంది. నా మనసుకు బాగా నచ్చిన మనిషి. కానీ బాడుగ కారు మాట్లాడి ఎక్కిస్తే నాలుగు బారలు పోకముందే వాంతి చేసుకుంది. తిరిగి ఇంటి దగ్గర దింపి, వట్టి చేతులతో వచ్చాను.

వేడుక రోజు పొద్దున కారులో బొంతా సంచులూ సర్దుతున్నాం. గేటు దగ్గర బొంతల అక్క నిలబడి ఉంది. ఉతికిన చీర, తలలో కనకాంబరాలు. సంగతంతా షెడ్డు ఆడవాళ్ళెవరో చెప్పి ఉంటారు.

"యాడికక్కా?" అన్నాను.

"ధర్మవరం. చీర నాదైతే పోవాల్సింది నేనే గదా" అంది.

అమ్మ ఆమెను చూసింది, నన్ను చూసింది, కారు తలుపు తీసింది. దారిలో నేను అక్కకు చెప్పాను: "అక్కా, నీకు అరవై. కొంచెం వంగి నడిస్తే, గొంతు వణికిస్తే..."

"నోరు మూసుకోని కూసో అబ్బా" అంది అక్క.

షావుకారు ఇల్లు నిండుగా ఉంది. తొట్టికి పూలు చుట్టారు. మేం తెచ్చిన చిలకల బొంత తొట్లో పరిచారు. అవ్వ కుర్చీలోంచి అక్కను పైనుంచి కిందికి చూసి, "ఈమేనా నూటమూడు?" అంది.

నేను నోరు తెరిచాను. అక్క నా ముందుకు వచ్చి నిలబడింది.

"లేదమ్మా. నాకు అరవై. ఈయప్ప నోరు అట్లాంటిది, కుట్టడానికి సూది యాడా దొరకలేదు. ఆ చీర ఈయప్ప వాళ్ళ అవ్వది కాదు. నాది. నేను పెట్టినట్ల వీళ్ళిద్దరికీ తెల్దు."

పాటలు ఆగిపోయాయి. షావుకారు మొహం మాడిపోయింది. "ఎవరిదో కట్టి విడిచిన చీర మా బిడ్డ కిందనా? తీసేయండి ఆ బొంత" అన్నాడు. ఒక కోడలు తొట్టి వైపు కదిలింది. అమ్మ కొంగు చివర నలుపుతూ నేల చూస్తోంది. అయిపోయింది అనుకున్నాను. నాకు ఆ క్షణంలో చెప్పడానికి ఒక్క కథ కూడా తోచలేదు. నా జన్మలో అట్లా ఎప్పుడూ జరగలేదు.

"ఉండండ్రా" అంది అవ్వ. అక్కను దగ్గరికి పిలిచింది. "ఆ చీర కట్టుకోని ఏం చేస్తివి?"

"కట్టుకున్నది తక్కువేనమ్మా. గొర్ల వెంట పోయేటప్పుడు యాడ నీడ దొరికితే ఆడ తుమ్మచెట్టుకు ఉయ్యాల కట్టేదాన్ని దాంతో. నలుగురు పిల్లోళ్ళు దాంట్లోనే నిద్రపోయిరి. ఆనక మనవళ్ళు ఇద్దరు."

"నలుగురూ ఉండారా?"

"ఉండారు తల్లీ. అందరికీ నా మీద అరిచే బలం ఉండాది."

అవ్వ నవ్వింది. పళ్ళు లేని నవ్వు. "ఆరుగురు బిడ్డలు నిద్రపోయిన చీర. ఇంతకంటే ఏం కావల్ల? ఈ ఇంట్లో నా చీరలన్నీ బీరువాలో నిద్రపోతాండాయి." కొడుకు వైపు తిరిగి, "బిడ్డను ఈమె చేతికియ్యి" అంది.

షావుకారు కదల్లేదు. అవ్వ ఒక్క చూపు చూసింది. బిడ్డ అక్క చేతుల్లోకి వచ్చింది, అక్కడి నుంచి తొట్లోకి వెళ్ళింది. చిలకల మీద పడుకుని ఒక్కసారి ఆవులించి నిద్రపోయింది. పాటలు మళ్ళీ మొదలయ్యాయి. సంచులు పంచుతున్నప్పుడు షావుకారు మా యజమానురాలి దగ్గరికి వచ్చి, మొహం ఎటో పెట్టుకుని, "అంగడి సంచులు వచ్చే నెల నుంచి పంపండి" అన్నాడు.

మేము బయలుదేరుతుంటే అవ్వ ఒక మూట తెప్పించి అక్క ఒళ్ళో పెట్టింది. తేనె రంగు నేత చీర. మడతల దగ్గర చిరుగులు పట్టాయి. "నా బిడ్డలను కన్నప్పుడు కట్టుకునింది. ఇంట్లో ఇంకో కోడలు నెల తప్పింది. నేను ఉంటానో పోతానో. దాని బిడ్డ బొంతలో ఇది వెయ్యి. మొత్తం వెయ్యి, ముక్క గాదు."

కారులో అమ్మ, "రేపు ఎన్ని గంటలకు వస్తావక్కా?" అంది. "ఎప్పుడూ వచ్చే టయానికే" అంది అక్క. ఆ అట్టలు ఇక కట్టించొద్దనీ, ఇక మీద బొంత కావాలన్నవాళ్ళు తమ ఇంటి పాత చీర తామే తెచ్చుకోవాలనీ, పైకి కొత్త కలెక్షన్ మాదనీ వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. వెనక సీట్లో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అబద్ధం వల్ల గట్టెక్కామా, నిజం వల్లనా అని నేను మాత్రం పెనుకొండ దాకా వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఒకసారి అటు ఎక్కువ వచ్చింది, ఒకసారి ఇటు.

మర్నాడు అవ్వ చీరను కటింగ్ బల్ల మీద పరిచాను. బొంత కొలతకు పొరలుగా కోద్దామని సుద్దతో గీత గీశాను, స్కేలు పెట్టాను, పెద్ద కత్తెర తీశాను. వేల మీటర్ల కొత్త గుడ్డ కోసిన చెయ్యి అది. చీర కత్తెర కింద నీళ్ళలా జారిపోయింది. తిన్నగా పోవాల్సిన గీత పాములా తిరిగింది. సరిచేయబోతే ఇంకా వంకర పోయింది. పదహారు మందీ చూస్తున్నారు.

అక్క లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"కత్తెర పెట్టద్దప్పా. పాత గుడ్డకు దాని దోవ దానికి తెలుసు. అంచు కాడ కొంచెం కొరికి, రెండు చేతులా పట్టి చింపు."

నేను కత్తెర బల్ల మీద పెట్టాను. చీర అంచు పంటితో కొరికాను. ఎప్పటిదో పసుపు వాసన వచ్చింది. రెండు చేతులతో పట్టి లాగాను. పర్రుమంటూ ఆ చివర దాకా ఒకే పోగు వెంట, నూలు పట్టి గీసినంత తిన్నగా చినిగింది. అక్క ఆ ముక్క నా చేతుల్లోంచి తీసుకుని, ఒకసారి దులిపి, చిలకల గుడ్డ కింద పరిచి కూర్చుంది.

"ఊ, ఇంకొకటి చింపు" అంది.